హేమశ్రీ తూటాల పట్టీ

దీనా మొదటిసారి కుట్లు విప్పిన సైనికుడి ప్యాంటు ఆమె అమ్మమ్మ కన్నా పాతది.

డునెడిన్ పక్కన మోస్గీల్‌లో ఒక రెస్ట్‌హోమ్‌లో ఆమె కేర్‌గివర్. ముసలివాళ్ళకి స్నానాలు చేయించడం, దగ్గర కూచుని తినిపించడం, పక్కలు మార్చడం ఆమె ఉద్యోగం. ఊడిన బొత్తాలు కుట్టడం, చిక్కిపోతున్న మనుషులకి ప్యాంట్ల నడుములు బిగించడం మాత్రం ఎవరూ అడక్కుండా తనంతట తాను తలకెత్తుకున్న పని. చీరాలలో ఆమె తల్లి రాహేలమ్మ మిషను ఆసుపత్రి కుట్టుగదిలో పనిచేసేది. బడి వదిలాక దీనా ఆ గదిలోనే, గౌన్ల గుట్టల మధ్య కూచుని పాఠాలు చదువుకుంది. సూది పట్టుకోవడం ఎప్పుడు నేర్చుకుందో ఆమెకే గుర్తులేదు.

ఆ రెస్ట్‌హోమ్‌లో ఉన్న ఒక పెద్దాయన కూతురు ఫియోనా. రిటైరైన టీచరు, పొడుగాటి మనిషి. తండ్రి కోటుకి దీనా వేసిన రఫ్ఫు చూసి, ఎక్కడ చిరిగిందో పోల్చుకోలేక, మళ్ళీ వచ్చినప్పుడు ఒక అట్టపెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టింది. లోపల ఫియోనా తాత బ్రీచెస్, స్వారీకి వేసుకునే ప్యాంటు. మొదటి ప్రపంచ యుద్ధంలో న్యూజీలాండ్ రౌతుల దళంతో సినాయి ఎడారి దాటినప్పుడు ఆయన తొడుక్కున్నవి. చిమటలు సగం తినేశాయి.

దీనా వాటిని వంటింటి బల్ల మీద పరిచి, ఒక్కొక్క కుట్టే విప్పింది. తొడల దగ్గర బుంగలా వెడల్పు, మోకాలి కింద చర్మంలా బిగువు. జీనుకి రాసుకునే చోట లోపలివైపు తోలు అతుకు. మందపు కుట్టు ఒక్కటి కూడా తొడ కిందికి రాకుండా పక్కకి తిప్పేశాడు దర్జీ. ఆ పేరు తెలియని దర్జీ మీద ఆమెకి గౌరవం కలిగింది. పాతవి బాగుచేసి ఇచ్చింది. ఆ కొలతలతో కొత్తవి కూడా ఒక జత కుట్టింది, ఊరికే, తనకి వచ్చునో రాదో చూద్దామని.

అలా మొదలైంది. ఫియోనాకి ఒక దళం ఉంది. తైయెరి మైదానంలో గుర్రాలున్నవాళ్ళు పదిమంది దాకా కలిసి, ఆనాటి రౌతుల్లా తయారై ఊరేగింపుల్లో, స్మారక సభల్లో స్వారీ చేస్తారు. వాళ్ళకొక నియమం ఉంది: చెయ్యి చాపినంత దూరం నుంచి చూసినా ఏదీ ఈనాటిదని తెలియకూడదు. జిప్పులు, నైలాను, మిషను కుట్టు పైకి కనబడకూడదు. కాళ్ళకి చుట్టుకునే ఉన్నిపట్టీల్ని వాళ్ళు పుట్టీలంటుంటే, మన పట్టీయే మీ నోట్లో పడి పుట్టీ అయిందని దీనా చెప్పి వాళ్ళని నవ్వించింది. తర్వాత అవుట్రమ్‌లో ఒక ముసలి జీన్లపనివాడి దగ్గర తోలు పని నేర్చుకుంది. ఆరెతో తోలుకి బెజ్జం పొడవడం, మైనం రాసిన నారదారంతో రెండు సూదులు ఎదురెదురుగా లాగి కుట్టడం. వేళ్ళు పగిలి రక్తం కారినా మానలేదు.

ఇంత చేసినా గుర్రం దగ్గరికి మాత్రం పోదు. కంచె ఇవతలే నిలబడి కొలతలు అడిగి రాసుకుంటుంది. "గుర్రానికి తెలుస్తుంది మన భయం," అని భర్త జయరాజు ఆటపట్టించేవాడు. ఆసుపత్రిలో ఆర్డర్లీ ఆయన. "తెలిస్తే తెలిసింది. దాని మానాన అది ఉంటుంది, నా మానాన నేనుంటాను," అనేది దీనా.

హేమశ్రీ ఆ దళంలోకి వచ్చింది రెండేళ్ళ కిందట. జగిత్యాల పిల్ల. డునెడిన్‌లో చదువుకుని, పశువుల రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగంలో చేరి, అక్కడ పరిచయమైన రైతుల దగ్గర స్వారీ నేర్చుకుంది. చర్చిలో క్రిస్మస్ భోజనాలకి ఎవరో తీసుకొస్తే దీనా ఇంటికి రాకపోకలు మొదలయ్యాయి. ఆ ఎడారి యుద్ధంలో న్యూజీలాండ్ రౌతుల పక్కనే హిందూస్థానీ రౌతులు కూడా పోరాడారని చదివి, తను ఆ వేషంలో స్వారీ చేస్తానంది. ఫియోనా సంబరపడింది. దళంలో అందరికన్నా పట్టుదల మనిషి గ్రాంట్ పాత ఫోటోలు వెదికి పంపాడు. ఖాకీ కుర్తా, తలపాగా, నడుముకి దట్టీ, ఎడమ భుజం మీంచి కుడి నడుము దాకా వాలుగా వేసుకునే తోలు తూటాల పట్టీ.

కుర్తా మూడుసార్లు విప్పి కుట్టింది దీనా. చంక కింద అతుకు సరిపడక చెయ్యి లేపితే పట్టేసేది. చివరికి కుదిరింది.

"మస్తుగుంది ఆంటీ," అంది హేమశ్రీ అద్దం ముందు నిలబడి. "మా అమ్మకి చూపిస్తా, ఆగుండ్రి."

వీడియోలో తల్లి సుశీలమ్మ కనబడింది. కూతురి తలపాగా చూసి నవ్వింది గాని, ఆ నవ్వు నిలవలేదు. "అక్కా, అది గుర్రమెక్కుతా అంటే నాకు నిద్ర పడ్తలేదు. మీరు దగ్గర్నే ఉన్నరు గద, అదే ధైర్యం," అంది.

"భయపడకండి సుశీలమ్మగారూ. నేను కుట్టిందేదీ ఊడదు," అంది దీనా.

అనడమైతే అంది. కానీ ఆమె మనసులో ఇంకో సంగతి మెదులుతూనే ఉంది. అంతకు నెల ముందు సాధనలో ఒకాయన తూటాల పట్టీ తెగింది. దీనా చేసింది కాదు, ఆయన ఎక్కడో కొన్నది. ఉత్తుత్తి తూటాలు గుర్రం కాళ్ళ కింద గలగల రాలగానే అది బెదిరి కంచె మీదికి పరుగు తీసింది. ఆయన బతికి బయటపడ్డాడు. ఆ చప్పుడు మాత్రం దీనా చెవుల్లో ఉండిపోయింది.

హేమశ్రీ పట్టీ కుట్టేటప్పుడు రెండు పొరల తోలు మధ్య సీట్‌బెల్ట్ గుడ్డ పెట్టింది. సన్నగా కత్తిరించి, అంచుల్లో కనబడకుండా లోపలికి అంటించి, పైన నారదారంతో కుట్టేసింది. వెనక బకిల్ దగ్గర మాత్రం మందమైతే దూరదని, ఆ జానెడు మేర ఉత్త తోలే ఉంచింది. నియమం తప్పిందని ఆమెకి తెలుసు. ఎవరికీ చెప్పలేదు, జయరాజుకి కూడా. పట్టీని రెండు చేతులా పట్టి గుంజి చూసుకుని, ఇక ఇది తెగదు అనుకుంది.

ఏప్రిల్ నెలాఖరులో దళం ఒక స్వారీ పెట్టుకుంది. యుద్ధానికి ఓడలెక్కి వెళ్ళిన వేల గుర్రాల్లో తిరిగి వచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. వాటి జ్ఞాపకంగా, డునెడిన్‌కి ఉత్తరాన ఒక అఖాతంలో, ఆటు సమయంలో తేలే ఇసుకమేట మీద వరసగా నడిచి, ఫోటోలు తీయించుకోవాలని. ఊడిన కుట్టేదైనా అక్కడికక్కడే వెయ్యడానికి దీనా పనిసంచితో వచ్చింది. జయరాజు వ్యాను నడిపి, టీ ఫ్లాస్కులు మోసుకొచ్చాడు.

గాలి చల్లగా ఉంది. ఇసుక గట్టిగా, తడిగా మెరుస్తోంది. వరసలో చివర హేమశ్రీ, టస్సక్ అనే ఎర్రమట్టి రంగు గుర్రం మీద. ఫోటోగ్రాఫరు ఒక్క మనిషినే నీళ్ళ అంచున తీస్తానని ఆమెని కొంచెం పక్కకి రమ్మన్నాడు. ఫియోనా అటు వద్దు, అది కాలువ అని అరిచింది. గాలిలో ఆ మాట చేరలేదు.

టస్సక్ ముందుకాళ్ళు దిగబడ్డాయి. గుర్రం ఒక్క ఊపుతో పైకి లేవబోయి, వెనకకాళ్ళు కూడా దిగబడి, ఎడమవైపుకి ఒరిగిపోయింది. హేమశ్రీ ముందుకి తూలి, ఒళ్ళు తిరగబడి, దాని మెడకీ జీనుకీ మధ్య వెల్లకిలా పడింది. ఎడమ కాలు గుర్రం కింద బురదలో ఉంది.

అందరూ గుర్రాలు దిగి పరిగెత్తారు. కాలువ అంచు దాకా వచ్చాక ఎవరికీ అడుగు ముందుకి పడలేదు. కాలు పెడితే మోకాలిదాకా లాగేస్తోంది. మనుషులు ఊబిలో దిగబడితే గుర్రం కొట్టుకునే కాళ్ళకి దొరికిపోతారు. ఫియోనా బోర్లా పడుకుని పాకుతూ వెళ్ళి టస్సక్ కళ్ళెం పట్టుకుంది. దాని చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా మాట్లాడుతోంది. గుర్రం కాసేపు ఆగి, మళ్ళీ ఒళ్ళంతా ఎగరేస్తోంది. ఎగిరినప్పుడల్లా హేమశ్రీ కేక వినబడుతోంది.

జయరాజు వ్యాను దగ్గరికి పరిగెత్తి, గుర్రాల మీద కప్పే రగ్గులూ మడత బల్లలూ ఈడ్చుకొచ్చాడు. బల్లల కాళ్ళు ముడిచి బురద మీద పరిచాడు, పైన రగ్గులు వేశాడు. గ్రాంట్ దాని మీంచి పాకి హేమశ్రీని చేరాడు. ఎవరో ఫోను చేస్తున్నారు. అగ్నిమాపక దళం బయల్దేరిందన్నారు. దూరంగా ఉన్న ఒక రైతు ట్రాక్టరు తెస్తానన్నాడు. అప్పటికే కాలువలో నీళ్ళు ఇటువైపు పారడం మొదలైంది. పోటు ఎక్కుతోంది.

దీనా గట్టున నిలబడి చూస్తోంది. ఆమెకి అంతా కనబడుతోంది. హేమశ్రీ భుజం మీది పట్టీ జీను ముందున్న ఇనుప కమానుకి తగులుకుంది. గుర్రం కదిలినకొద్దీ పట్టీ బిగుసుకుని గొంతు కిందికి వస్తోంది. కాలు బురదలోంచి లాగచ్చు, మెత్తగానే ఉంది. మనిషిని వదలనిది పట్టీ ఒక్కటే.

గ్రాంట్ జేబుకత్తి తీసి కోస్తున్నాడు. పైతోలు తెగింది. కత్తి ఆగిపోయింది. మళ్ళీ కోశాడు. తడిసిన గుడ్డ మీద కత్తి జారుతోంది తప్ప దిగడం లేదు. "ఏముంది దీనిలో?" అని అరిచాడు.

ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు. కానీ జవాబు దీనాకి ఒక్కదానికే తెలుసు.

"జయరాజూ," అంది. "లోపల సీట్‌బెల్ట్ గుడ్డ పెట్టాను. అది తెగదు."

ఆయన అర్థం కానట్టు చూశాడు. "ఎందుకు పెట్టావ్?"

"తెగకూడదనే పెట్టాను." తన వీపు వైపు చెయ్యి చూపించింది. "వెనక బకిల్ దగ్గర లేదు. అక్కడ ఒక్కటే తోలు. అక్కడ కొయ్యాలి."

"గ్రాంట్‌కి చెప్పు."

చెప్పింది, అరిచి చెప్పింది. గ్రాంట్ తల అడ్డంగా ఊపాడు. బకిల్ హేమశ్రీ వీపు కింద, గుర్రం మెడకి ఆనుకుని ఉంది. ఆయన చెయ్యి లావు. ఆ సందులో దూరదు.

దీనా పనిసంచిలోంచి తోలు కత్తి తీసుకుంది. పొట్టిగా వంపు తిరిగిన కత్తి, ప్రతి ఆదివారం సానబెడుతుంది. గ్రాంట్ వెనక్కి పాకి దారి ఇచ్చాడు. ఆమె రగ్గుల మీద బోర్లా పడుకుంది. జయరాజు ఆమె రెండు చీలమండలూ పట్టుకున్నాడు.

"నువ్వెళ్ళు. నే వదలను," అన్నాడు.

బల్లలు కింద ఊగుతున్నాయి. చన్నీళ్ళు మోచేతుల దాకా వచ్చాయి. దగ్గరికి పోయేకొద్దీ గుర్రం ఎంత పెద్దదో తెలిసింది. దాని ముక్కుపుటాలు ఎర్రగా తెరుచుకుని ఉన్నాయి, కంటి తెల్లగుడ్డు ఆమె వైపే తిరిగింది. ప్రభువా, అనుకుంది, అంతకు మించి ప్రార్థన రాలేదు.

"ఆంటీ, ఊపిరి ఆడ్తలేదు," అంది హేమశ్రీ. పెదాల రంగు మారింది. తలపాగా ఊడి నీళ్ళలో తేలుతోంది.

"మాట్లాడకు తల్లీ. నీ వీపు కింద చెయ్యి పెడుతున్నా. కత్తి ఉంది నా చేతిలో. నేను చెప్పేదాకా కదలకు."

ఎడమ చెయ్యి ముందు పోనిచ్చింది. ఒకపక్క పిల్ల వీపు, ఒకపక్క గుర్రం మెడ, వేడిగా, చెమటతో, లోపల నరాలు కొట్టుకుంటూ. తోలు మీద వేళ్ళు జరుపుకుంటూ పోయింది. తన కుట్లే. వాటి మందం వేళ్ళకి తెలుసు. గట్టిగా ఉన్న చోటు దాటి పట్టీ పల్చబడింది, తర్వాత ఇత్తడి తగిలింది. ఇక్కడే. రెండో చేత్తో కత్తి దూర్చింది, వాదర గుర్రం వైపు కాదు, పిల్ల వైపు కాదు, పైకి, తోలు వైపు తిప్పి.

అప్పుడే టస్సక్ ఎగిరింది.

దీనా ముఖం దాని మెడకి కొట్టుకుంది. చెయ్యి నలిగింది. కత్తి మొన ఎక్కడో మెత్తగా తగిలింది, హేమశ్రీ కీచుమంది. ఫియోనా గొంతు అటువైపు నుంచి వినబడుతోంది, ఒకే మాట మళ్ళీ మళ్ళీ, పసిపిల్లని జోకొడుతున్నట్టు. గుర్రం ఆగింది. దీనా కత్తి వదల్లేదు. గుడ్డిగా, వేళ్ళతోనే చూసుకుని, తోలుకి ఆనించి తనవైపుకి లాగింది. ఒకసారి. రెండోసారి తోలు సగం దాకా విడింది. మూడోసారి లాగేలోగా మిగిలింది దానంతటదే పుటుక్కుమని తెగింది.

"లాగండి," అంది.

గ్రాంట్, జయరాజు, ఇంకెవరో కలిసి ఆమె కాళ్ళు పట్టి గుంజారు. ఆమె హేమశ్రీ చంకల కింద చేతులు వేసి పట్టుకుంది. ఒక్కసారిగా బురద వదిలింది. బూటు లోపలే ఉండిపోయింది గాని కాలు వచ్చింది. ఇద్దరూ రగ్గుల మీంచి జారి గట్టి ఇసుక మీద పడ్డారు. హేమశ్రీ దగ్గుతూ, పీల్చుకుంటూ, దీనా కొంగులా వేలాడుతున్న స్కార్ఫ్‌ని వదలకుండా పట్టుకుంది. వీపు మీద కుర్తా చిరిగి, కత్తి గీసిన చోట రక్తం కారుతోంది.

ట్రాక్టరు వచ్చేసరికి నీళ్ళు టస్సక్ పొట్ట దాకా చేరాయి. జీను తీసేసి, వెడల్పాటి పట్టీలు వేసి, రైతూ అగ్నిమాపకదళం వాళ్ళూ దాన్ని అంగుళం అంగుళం పక్కకి జార్చారు. బయటపడ్డాక చాలాసేపు లేవలేదు. లేచాక తూలుతూ నిలబడింది. ఫియోనా దాని మెడ మీద తలపెట్టి ఏడ్చింది.

హేమశ్రీకి భుజం ఎముక విరిగింది, చీలమండ నరం బెణికింది, వీపు మీద నాలుగు కుట్లు పడ్డాయి. ఆ కుట్లు చూసినప్పుడు దీనా ముఖం పక్కకి తిప్పుకుంది.

సుశీలమ్మకి ఆమే ఫోన్ చేసింది. నేను కుట్టింది ఊడదని మాటిచ్చి, ఊడకుండా లోపల ఏం పెట్టిందీ, దానివల్ల ఏం జరిగిందీ చెప్పింది. "ఏ భుజం?" అంది సుశీలమ్మ. ఎడమదని చెబితే, "అది అటే ఒత్తిగిల్లి పండుకుంటది," అంది. అంతే. ఆ తర్వాత చాలా వారాలు దీనా ఫోన్ చేస్తే ఎత్తలేదు.

దళం ఫియోనా షెడ్డులో సమావేశమైంది. దీనా తెగిన పట్టీ తెచ్చి బల్ల మీద పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. గ్రాంట్ ముఖం ఎర్రబడింది. "రూలు ఉన్నది అందం కోసం కాదు. లోపల ఏముందో తెలిసుంటే కోస్తూ కూచోకుండా ముందే నిన్ను పిలిచేవాణ్ణి. అక్కడ ఎంత టైము పోయిందో తెలుసా నీకు?" అన్నాడు.

"తెలుసు," అంది దీనా.

అయితే పాతకాలం పట్టీ అయినా అంత తేలిగ్గా తెగేదా అని ఇంకొకరు అడిగారు. ఎవరికీ తెలియదు. ఫియోనా దూలానికి కొక్కెం వేసి, ఉత్త తోలు పట్టీని తగిలించి, ఇసుక మూటలు కట్టి చూసింది. ఇద్దరు మనుషుల బరువు మోసినా అది తెగలేదు.

"వెనక బకిల్ కుట్టు నారదారంతో కాకుండా పల్చటి నూలుదారంతో వేస్తాను," అంది దీనా. "మామూలుగా ఆగుతుంది. మనిషి బరువంతా పడితే విడిపోతుంది."

"పాతవాటిలో అలా లేదు," అన్నాడు గ్రాంట్.

"లేదు. మీకు పాతవాటిలాగే కావాలంటే వేరేవాళ్ళ దగ్గర కుట్టించుకోండి. నేను కుట్టను."

ఆ షెడ్డులో ఆమె ఎప్పుడూ అంత మాట అనలేదు. గ్రాంట్ లేచి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే తమ పట్టీలు తీసి బల్ల మీద పెట్టారు. ఇద్దరు పెట్టలేదు.

అక్కడ జూన్‌లో మొదలయ్యే చలికాలం పోయింది. హేమశ్రీ మళ్ళీ గుర్రమెక్కింది, దీనాకి చెప్పకుండానే. చెబితే వద్దంటుందని తెలుసు. నవంబర్లో ఊరి వ్యవసాయ ప్రదర్శనలో దళం స్వారీ చేసింది. ఎండ బాగా కాస్తోంది. ఐస్‌క్రీమ్ బళ్ళ దగ్గర పిల్లల గోల. టస్సక్ అరీనాలో పరుగెత్తినంతసేపూ దీనా కంచెని రెండు చేతులా పట్టుకునే ఉంది. అది ఆగాక కూడా వెంటనే వదల్లేకపోయింది. హేమశ్రీ ఫోన్ చేతిలో పట్టుకుని కంచె దగ్గరికి వచ్చింది.

"అమ్మ లైన్ల ఉంది ఆంటీ. మాట్లాడ్తదంట."

దీనా ఫోన్ అందుకుంది. సుశీలమ్మ జరిగినదాని ఊసెత్తలేదు. ఎండలో పిల్ల నల్లబడిందంది, దానికి ఇడ్లీ పెట్టారా అని అడిగింది. పెట్టానంది దీనా.

ఫోన్ ఇచ్చేసి, దళం టెంటులో పనిసంచి పెట్టుకున్న తన బల్ల దగ్గరికి వచ్చేసరికి అక్కడ గ్రాంట్ నిలబడి ఉన్నాడు. భుజం మీది పట్టీ విప్పి బల్ల మీద పెట్టాడు. బకిల్ వదులైందన్నాడు. ఆమె తిప్పి చూసింది. నిజమే, రెండు కుట్లు తెగాయి. సూదిలోకి నారదారం ఎక్కించబోయి ఆగింది.

"వెనక కుట్టు నూలుదారంతో వెయ్యమంటావా?" అని అడిగింది.

గ్రాంట్ అరీనా వైపు చూశాడు. అక్కడ హేమశ్రీ టస్సక్‌ని నడిపించుకుంటూ నీళ్ళ తొట్టి వైపు పోతోంది.

"వెయ్యి," అన్నాడు.

ఆమె నారదారం పక్కన పెట్టి, స్టూలు దగ్గరికి లాక్కుంది.